సబ్‌నెట్టింగ్ లెక్క: సైజులు సరిపోయినా మార్కులు ఎందుకు పోతున్నాయి?

ప్రశ్న:
పబ్లిక్ యూనివర్సిటీలో ఐటీ చదువుతున్నాను. కంప్యూటర్ నెట్‌వర్క్స్ క్లాసులో రెండొందల మంది పైనే ఉంటాం, లెక్చర్ మధ్యలో సందేహాలు అడిగే వీలుండదు. లెక్క ఇది: 192.168.10.0/24ను (చివరి సంఖ్య 0 నుంచి 255 దాకా, 256 అడ్రసులు) 2, 50, 25, 100 హోస్టులున్న (హోస్టు అంటే అడ్రసు కావలసిన మెషీన్) నాలుగు నెట్‌వర్కులకు వీఎల్ఎస్ఎమ్‌తో, అంటే ఒక్కో నెట్‌వర్కుకు అవసరాన్ని బట్టి వేరే సైజు బ్లాకు ఇచ్చే పద్ధతితో, పంచాలి. నేను 0–3, 4–67, 68–99, 100–227 అని వరుసగా ఇచ్చాను. మొత్తం 4+64+32+128 = 228, అంటే 256 లోపే. అయినా మొదటిది తప్ప అన్నీ కొట్టేశారు. తప్పెక్కడండీ?

జవాబు 1:
సైజులు సరైనవే, మొదలుపెట్టిన చోటు తప్పు. 64 అడ్రసుల బ్లాకు 64 గుణిజం దగ్గరే మొదలవ్వాలి: 0, 64, 128, 192. ఇది పేపరు దిద్దేవాళ్ల పట్టింపు కాదు, రౌటర్ పనిచేసే తీరే అంత. 64 అడ్రసులకు వాడే /26 మాస్కులో (అడ్రసులో నెట్‌వర్క్ భాగం ఎంతవరకో చెప్పే సంఖ్య) చివరి ఆక్టెట్, అంటే చివరి 8 బిట్ల భాగం, 192, బైనరీలో 11000000. దాంతో 5ను యాండ్ చేస్తే (రెండింటిలోనూ 1 ఉన్న బిట్లనే ఉంచితే) 0 వస్తుంది, 66ను చేస్తే 64 వస్తుంది. మీ 4–67లో ఈ రెండూ ఒకే నెట్‌వర్క్. రౌటర్ లెక్కలో రెండు వేర్వేరు నెట్‌వర్కులు. పైగా మధ్యలో ఉన్న 63 బ్రాడ్‌కాస్ట్ అడ్రస్ (నెట్‌వర్కులో అందరికీ ఒకేసారి పంపేది), దాన్ని ఏ మెషీన్‌కూ ఇవ్వలేరు.

పెద్దదాంతో మొదలుపెట్టండి. 100కి /25: 0–127. 50కి /26: 128–191. 25కి /27: 192–223. 2కి /30: 224–227. మిగిలిన 228–255 ఖాళీ.

జవాబు 2:
గుణిజాలు పాటిస్తూ ప్రశ్నలో ఇచ్చిన వరుసలోనే వేస్తే సరిపోదా అని చాలామందికి అనిపిస్తుంది. వేసి చూడండి: 2కి 0–3, 50కి 64–127, 25కి 128–159. ఇక 100కి కావలసిన తర్వాతి 128 గుణిజం 256, అక్కడికి చోటు అయిపోయింది. పెద్దది ముందు వేస్తే ప్రతి బ్లాకు ముగిసిన చోటే తర్వాతి చిన్న బ్లాకుకు గుణిజం అవుతుంది కాబట్టి మధ్యలో ఖాళీలు పడవు.

జవాబును పట్టికగా రాయండి: నెట్‌వర్క్, మాస్క్, మొదటి హోస్టు, చివరి హోస్టు, బ్రాడ్‌కాస్ట్. 50 హోస్టుల వరుసలో 128, 255.255.255.192, 129, 190, 191 వస్తాయి. కట్టలకొద్దీ పేపర్లు దిద్దేవాళ్లకు ఇలా అయితే ఒక వరుసలో తప్పు జరిగినా మిగతావి సరైనవని వెంటనే కనిపిస్తుంది.

లైబ్రరీలో పాత ఎడిషన్లు వాడుతుంటే ఒకటి గమనించండి. వాటిలో హోస్టుల నుంచే (నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్ అడ్రసులకు) కాక సబ్‌నెట్ల, అంటే విడగొట్టిన చిన్న నెట్‌వర్కుల, సంఖ్య నుంచి కూడా 2 తీసేస్తారు. ఇప్పుడు హోస్టుల నుంచి మాత్రమే తీయాలి.

జవాబు 3:
ఇదే లెక్క ల్యాబ్‌లో పెట్టినప్పుడు పింగ్ (అవతలి మెషీన్ అందుతోందా అని చూసే పరీక్ష) రాకపోతే ముందు రౌటర్ ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్కుకు కలిపే పోర్టు) చూడండి. సిస్కో రౌటర్లలో అది మొదట ఆఫ్‌లో ఉంటుంది, నో షట్‌డౌన్ కమాండ్ ఇవ్వాలి. తర్వాత పీసీ మాస్క్. గేట్‌వే (వేరే నెట్‌వర్కులకు దారి ఇచ్చే రౌటర్ అడ్రస్) 190, పీసీ 130 అనుకోండి. మాస్క్ చివర 192 బదులు 224 పెడితే పీసీ దృష్టిలో తన నెట్‌వర్క్ 128–159 మాత్రమే, గేట్‌వే బయట పడిపోతుంది. అప్పుడు 131కి పింగ్ వెళ్తుంది, వేరే నెట్‌వర్కుకు వెళ్లదు. ఈ లక్షణం కనిపిస్తే కేబుల్ జోలికి పోకుండా మాస్క్ సరిచూడండి. అన్నీ సరిగ్గా ఉన్నా మొదటి పింగ్ ఒక్కటి పోవచ్చు. ఏఆర్‌పీ (ఐపీ అడ్రసుకు చెందిన హార్డ్‌వేర్ అడ్రసు కనుక్కునే పద్ధతి) జవాబు వచ్చేలోపు టైమవుట్ అవుతుంది. రెండోసారి కొట్టాకే తేల్చుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైందండీ. ఇచ్చిన హోస్టుల సంఖ్యలో రౌటర్ ఇంటర్‌ఫేస్ కలిసే ఉంటుందా?

జవాబు 1:
ప్రశ్నలో 'పీసీలు' అని ఉంటే గేట్‌వేకి ఒకటి కలపండి. మీ లెక్కలో పెద్ద మూడింటికీ తేడా రాదు: 25 కాస్తా 26 అయినా /27లో 30 పడతాయి. 2 మాత్రం 3 అయితే /30 చాలదు, /29 కావాలి. కానీ 30 పీసీలు అంటే 31 అడ్రసులు కావాలి, అప్పుడు /26కి వెళ్లాల్సిందే. 'హోస్టులు' అని మాత్రమే ఉంటే మీరు ఎలా తీసుకున్నారో జవాబు పైన ఒక వాక్యంలో రాసి లెక్క మొదలుపెట్టండి.