గ్లాస్గో ప్రదర్శన: సామాను శుక్రవారంలోపు బయలుదేరాలి

తిరుపతి సమన్వయకర్త, జూన్ 29
గ్లాస్గోలో కామన్వెల్త్ క్రీడలు జూలై 23న మొదలవుతున్నాయి, అప్పుడే అక్కడ మన జిల్లా పనితనం ప్రదర్శన. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ, మాధవమాల కొయ్యబొమ్మలు, మామిడి గుజ్జు డబ్బాలు, కోలాటం బట్టలు ఎవరి దగ్గర ఉన్నాయో ఈ రాత్రికే తెలియజేయండి.

గ్లాస్గో
అన్నా, సామాను సంగతి కాసేపు ఆపండి. మన కరపత్రం మీద క్రీడల అధికారిక చిహ్నం ఉందని, అనుమతి లేకుండా దాన్ని వాడిన వారికి చోటు ఇవ్వలేమని హాలువారు బుకింగు రద్దు చేశారు. తీసేస్తామని బతిమాలినా వినలేదు.

కోశాధికారి
చిహ్నం జోలికి పోవద్దని మార్చిలోనే చెప్పాను. హాకీ, బ్యాడ్మింటన్, కుస్తీ, షూటింగ్ ఏవీ లేని క్రీడలకు మనవాళ్లు ఎందరు వస్తారని అంత పెద్ద హాలు తీసుకున్నాం? అడ్వాన్సు సంగతి ఎవరు తేలుస్తారు?

శ్రీకాళహస్తి
కరపత్రమైతే మళ్లీ అచ్చు వేయించవచ్చు. మీరు పంపిన నమూనా చూసి మూడు మీటర్ల గుడ్డ అంచున అదే చిహ్నాన్ని కలంతో గీయించాను, స్వర్ణముఖిలో ఉతకడం కూడా అయిపోయింది. ఇక ఆ రంగు ఊడదు.

గ్లాస్గో
2024లో ప్యారిస్ ఒలింపిక్స్ జరిగినప్పుడు లా విలెట్ పార్కులో ఇండియా హౌస్ పెట్టారు, 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి, ఈ సందర్భంలో మన జిల్లా పనితనాన్ని కూడా నలుగురికీ చూపిద్దామని మొదట అన్నది మీరే కదా? పగలు ఉద్యోగం చేసి, రాత్రిళ్లు హాళ్ల చుట్టూ తిరుగుతున్నది నేను. తప్పు నాదేనంటే ఇప్పుడే తప్పుకుంటాను.

కోశాధికారి, జూన్ 30
అక్కా, నా మాట కటువైంది, మనసులో పెట్టుకోకండి. అడ్వాన్సు కోసం హాలువారికి నేనే రాస్తాను.

శ్రీకాళహస్తి
గుడ్డ గీసిన పెద్దాయనను అడిగాను. కరక్కాయ రసం పట్టిన చోటే కసిమి (తుప్పు ఇనుముతో పులియబెట్టిన కలంకారీ ద్రావణం) నల్లబడుతుంది కాబట్టి, ఆ అంచును మాత్రం మళ్లీ కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టి, చిహ్నం మీద నల్లని నెమలిని గీస్తానన్నారు. నెమలి కాస్త లావుగా వస్తుందట. శుక్రవారానికి మాత్రం కాదు.

తిరుపతి సమన్వయకర్త
గీయమనండి. గుడ్డ ఒక్కటి వస్తే చాలు, దాన్ని విడిగా పంపుదాం.

గ్లాస్గో, జూలై 1
ఆదివారం తెలుగు బడి జరిగే గది ఇస్తామన్నారు. నలభై మంది పట్టడమే కష్టం కాబట్టి గుడ్డను గోడకు కట్టి, వచ్చినవారి చేతికే వెదురు కలం ఇద్దామనుకుంటున్నాను. లేతగా పడిన గీత కళ్ల ముందే నల్లగా తేలడం చూస్తే ఇక్కడి పిల్లలు కదలరు. కసిమిని పార్సిల్‌లో పంపడం కుదరదేమో, దాన్ని ఇక్కడే పెట్టవచ్చా?

శ్రీకాళహస్తి
పెట్టవచ్చు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం, తాటిబెల్లం కలిపిన నీళ్లలో వేసి మూడు వారాలు పులియనివ్వాలి. ఈరోజే పెడితే క్రీడలు మొదలయ్యే రోజుకు సరిపోతుంది.

గ్లాస్గో
జాడీలో బెల్లం నీళ్లు పోశాను, తాటిబెల్లం దొరకలేదు. గ్లాస్గోలో ఉన్నవారు ఎవరి దగ్గరైనా తుప్పు పట్టిన మేకులు ఉంటే ఈ రాత్రికే మా ఇంటికి తెచ్చి ఇవ్వండి. నా దగ్గర ఉన్నవన్నీ కొత్తవే.