ఫణిగిరి గుట్టకు పాత కాలిబాట: ఎలా బాగుచేయాలి?

అందరికీ నమస్కారం. మాది ఒకప్పటి నల్లగొండ, ఇప్పటి సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి దగ్గర పల్లె. గుట్ట మీది బౌద్ధ స్తూపం, చైత్యాలు, విహారాలు చూడటానికి ఇప్పుడందరూ బండ్ల మీదే వస్తున్నారు. మా తాత మాత్రం బిక్కేరు వాగు దాటి, పొలం గెట్ల మీదుగా పోయే తొవ్వ ఒకటి చెప్పేవాడు. దాన్ని మళ్లీ తెరవాలని మేం ఆరుగురం పట్టుబట్టాం.

సగం దారి సర్కారు తుమ్మలో మునిగింది. నిరుడు నరికితే వానలు పడగానే మొదళ్ల నుంచి రెట్టింపు లేచింది. మాకు ముళ్లే మిగిలాయి. వేళ్లతో పెకిలిద్దామంటే ఆ నేలలో అక్కడక్కడా పాత ఇటుకలు కనిపిస్తున్నాయి, చేయి రావడం లేదు. జేసీబీ అన్నవాళ్లను ఆపేశాం. ఊళ్లో కొందరు సీసీ రోడ్డు వేద్దామంటున్నారు, నాకైతే మనసొప్పదు.

గ్రామ నక్షాలో ఉన్న బాటను ఒకచోట దున్నేశారు. గొడవ లేకుండా హద్దు తేల్చాలంటే ముందు మండల సర్వేయర్ దగ్గరికి పోవాలా, పురావస్తు శాఖ అనుమతి తీసుకోవాలా? తవ్వకుండా తుమ్మ మొదళ్లను చంపే ఉపాయం ఉందా? సిమెంట్ లేకుండా రాళ్లు పేర్చి మెట్లు కట్టినవాళ్లుంటే, వాననీటికి అవి కొట్టుకుపోకుండా ఏం చేశారో చెప్పండి.