క్రూజ్ కంట్రోల్ వేస్తే మైలేజీ పెరుగుద్దా, తగ్గుద్దా?

ఒంగోలు_హైవే: ఒంగోలు నుంచి నెల్లూరు దాకా క్రూజ్ (కాలు పెట్టకుండానే మనం పెట్టిన వేగాన్ని బండే పట్టుకునే ఏర్పాటు) వేసి వదిలేస్తే మైలేజీ పెరుగుద్దని కొందరు, మంచి డ్రైవర్ కాలికి మించింది లేదని కొందరు. ఏది నిజం? లెక్కతో చెప్పండి. ‘మా బండికి ఇరవై రెండొచ్చింది’ లాంటి మాటలొద్దు.

టాప్_గేరు: పెరుగుద్ది. ఒక బండి నిలకడగా 90లో పోతా ఉంది. ఇంకోటి సగం సేపు 80లో, సగం సేపు 100లో పోతా ఉంది. సగటు రెంటికీ 90నే, చేరేదీ ఒకేసారి. కానీ గాలి అడ్డం వేగానికి వర్గంగా పెరుగుద్ది కాబట్టి గాలిని చీల్చడానికి రెండో బండి పెట్టే శక్తి సుమారు 3.7 శాతం ఎక్కువ. టైర్ల రాపిడి ఇద్దరికీ ఇంచుమించు ఒకటే, అందుకని పెట్రోల్‌లో తేడా ఇంకా తక్కువ కనపడుద్ది. పాట మారితే కాలు పది పెంచుద్ది, పక్క సీటు వాళ్లు మాట్లాడితే పది తగ్గించుద్ది. క్రూజ్‌కి ఆ జబ్బు లేదు.

నల్లమల_ఘాట్: ఆ లెక్క బల్లపరుపు రోడ్డుకి అన్నా. దోర్నాల దాటి శ్రీశైలం ఎక్కేటప్పుడు చూడండి. మామూలు క్రూజ్‌కి ముందున్న ఎత్తు తెలీదు. వేగం పడ్డాకే త్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు) తెరుస్తుంది, పోయిన వేగం రాబట్టడానికి ఎక్కువ తెరుస్తుంది. ఆటోమేటిక్ అయితే కింది గేరుకి దూకి ఆర్పీఎం లేపుతుంది. మాన్యువల్ అయితే టాప్ గేరులోనే గుంజుతుంది. పెట్రోల్ ఇంజిన్‌లో త్రాటిల్ దాదాపు మొత్తం తెరుచుకుంటే చాలా బళ్లలో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) గాలితో కలిసే పెట్రోల్ వాటా పెంచుతుంది. తెలిసిన కాలైతే ఎక్కేటప్పుడు ఎనిమిదో పదో తగ్గనిచ్చి, దిగేటప్పుడు రాబట్టుకుంటుంది.

పెన్నా_డీజిల్: మలుపుకొక హారన్ కొట్టే ఘాట్‌లో క్రూజ్ ఎవరేస్తారు సామీ? హైవే మీద ఊరూరికీ ఉండే ఫ్లైఓవర్లు తీసుకోండి. 30కి 1 వాలులో (30 మీటర్లకి ఒక మీటరు ఎత్తు) 1,200 కిలోల కారుని కిందికి లాగే బలం సుమారు 390 న్యూటన్లు. 90లో గాలి, టైర్ల అడ్డం కలిపితే మామూలు కారుకి అదీ 400 దగ్గరే. అంటే ఎక్కేటప్పుడు పెట్టింది దిగేటప్పుడు దాదాపుగా తిరిగొస్తాది, బ్రేకు పని లేదు. దిగేటప్పుడు న్యూట్రల్ మాత్రం వెయ్యొద్దు. గేరులో ఉండి కాలు తీస్తే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు మూసుకుంటాయి, న్యూట్రల్లో ఐడ్లింగ్‌కి తాగతానే ఉంటాది.

అసలు పెట్రోల్ పోయేది బ్రేకు దగ్గర. అదే కారుని 100 నుంచి 80కి బ్రేకేసి దించి మళ్లీ 100కి లేపితే పోయే శక్తి 167 కిలోజౌళ్లు. లీటర్ పెట్రోల్‌లో 32 మెగాజౌళ్లు, అందులో చక్రాలకి 30 శాతం అందిందనుకుంటే, ఒక్కో బ్రేకుకి 17 మిల్లీలీటర్లు. ఇరవై సార్లు చేస్తే 340. ఒంగోలు, నెల్లూరు మధ్య సుమారు 120 కిలోమీటర్లు, 18 మైలేజీ మీద ఆరున్నర లీటర్ల పైన. అందులో ఐదు శాతం బ్రేకు ప్యాడ్లు తినేసినట్టే. ముందే చూసి కాలు తీస్తే అదే ఊపు దూరంగా మారతాది.

నల్లమల_ఘాట్: ఘాట్ మాట వెనక్కి తీసుకుంటా. కానీ మీ లెక్క నా వైపే పోతా ఉంది. ముందు లారీ అడ్డమొస్తే మామూలు క్రూజ్ ఆఖరి దాకా అదే వేగం పట్టుకుని ఉంటుంది, చివర్లో మనం బ్రేకు తొక్కాలి. కాలు ముందే తీసేవాడిది ఆ 17 మిల్లీలీటర్లు మిగిలినట్టే.

టాప్_గేరు: అందుకే రాడార్‌తో ముందు బండిని చూసి తనే వేగం తగ్గించుకునే అడాప్టివ్ క్రూజ్‌లో, ముందు బండికి గ్యాప్ అన్నిటికంటే ఎక్కువ పెట్టుకోమనేది. తక్కువ పెడితే ముందు బండి కదిలినప్పుడల్లా బ్రేకే.

పెన్నా_డీజిల్: ఎక్కువ పెడితే ఆ సందులోకి ఎవడో ఒకడు దూరతాడబ్బా! మళ్లీ బ్రేకు. బండ్లు ఎక్కువున్నప్పుడు తీసెయ్యడమే. ఇంకోటి, టంగుటూరు, ముసునూరు టోల్ గేట్లు దాటాక ‘రెజ్యూమ్’ (ముందు పెట్టిన వేగానికి మళ్లీ తెచ్చే బటన్) నొక్కొద్దు. కొన్ని కార్లు 30 నుంచి 90కి ఒక్క ఊపున లాగతాయి. కాలితో 85 దాకా తెచ్చి ‘సెట్’ నొక్కండి. వానలో అసలొద్దు. నీళ్ల మీద టైరు తేలితే క్రూజ్ ఇంకా తొక్కతాది.

ఒంగోలు_హైవే: మా రోడ్డు మీద తెల్లారుజామున అంత రద్దీ ఉండదు కాబట్టి వేసి చూడొచ్చన్నమాట. పరీక్ష ఎట్టా చెయ్యాలి?

టాప్_గేరు: టైర్లలో గాలి, అవి చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. పోయే ముందూ వచ్చాకా ట్యాంకు నింపేది ఒకే బంకు, ఒకే గన్నుతో, గన్ను తనంతట తను మొదటిసారి ఆగగానే (కటాఫ్) ఆపండి. ‘ఇంకో యాభైకి రౌండ్ చేద్దాం సార్’ అంటే వద్దనండి. నెల్లూరు పోయి రండి, పోనూ రానూ కలిపితేనే ఎదురుగాలి తేడా చాలావరకు పోతుంది. ఒకసారి క్రూజ్‌తో, ఒకసారి కాలితో, ఏసీ అదే నంబర్లో. రెండుసార్లూ సగటు వేగం ఒకటే ఉండాలి. లేకపోతే మీరు కొలిచేది క్రూజ్‌ని కాదు, వేగాన్ని.

పెన్నా_డీజిల్: డ్యాష్‌బోర్డు మీద చూపించే మైలేజీ మాత్రం రాయొద్దు, అది చాలా బళ్లలో ఎక్కువే చూపిస్తాది. పోసిన లీటర్లు, తిరిగిన కిలోమీటర్లు పెట్టండి. ఒక్కసారి కాదు, క్రూజ్‌తో మూడుసార్లు, కాలితో మూడుసార్లు.