పార్కింగ్ లైట్ ఫ్యూజు పదేపదే పోతోంది

కొత్త డ్రైవర్: లైట్ స్విచ్ తిప్పితే చాలు, 10 ఆంప్ ఫ్యూజు టప్పున పోతోంది. పైగా రెండు రోజులు బండి కదపకపోతే బ్యాటరీ డౌన్. హారన్ కూడా ఒక్కోసారి మూగబోతోంది. అన్నీ ఒకే జబ్బా?

గేర్‌బాక్స్: ఆ ఎర్రది తీసేసి పసుపుది, 20 ఆంప్‌ది పెట్టెయ్ బ్రో. నా బండి అలాగే తిరుగుతోంది, ఏమీ కాలేదు.

వైరింగ్ మాస్టర్: ఇంకా కాలేదు అనండి. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. సన్న వైరులో 18 ఆంప్‌లు పారితే మీ పసుపు ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది, వైరు తొడుగు కరిగిపోతుంది. 20 ఏళ్లుగా ఇదే పని నాది.

గేర్‌బాక్స్: అంత అనుభవమున్నాయనే నా హెడ్‌లైట్ కనెక్టర్ మాడ్చి పంపాడు. పాఠాలొద్దు సార్.

వైరింగ్ మాస్టర్: మాడ్చింది నేనైతే తిట్టండి. కుర్రాడికి నిప్పు సలహాలు మాత్రం ఇవ్వకండి.

వెనకసీటు: మీ గొడవ తర్వాత. డిక్కీ మూత కీలు పక్కన రబ్బరు గొట్టం ఉంటుంది, వెనక్కి లాగి చూడు తమ్ముడూ. మూత తీసి వేసినప్పుడల్లా అక్కడ వైర్లు మడతపడతాయి. నాకు నంబర్ ప్లేట్ లైటు వైరు చిట్లి, రాగి బయటపడి, రేకు మీద నల్లటి మచ్చ కనిపించింది.

వైరింగ్ మాస్టర్: ఊరికే ఫ్యూజులు తగలేయకు. ఫ్యూజు కాళ్ల చోట 21 వాట్ల బల్బు కలుపు. షార్ట్ ఉంటే నిండుగా వెలుగుతుంది. వైర్లు ఒక్కో చోట కదుపుతూ పో, ఎక్కడ మసకబారితే అక్కడే దొంగ.

నైట్ షిఫ్ట్: బ్యాటరీ సంగతి ఎవరూ ఎత్తరేం? ఆంప్‌లు కొలిచే మీటరును బ్యాటరీ నెగటివ్ తీగకు వరుసలో పెట్టి, బండి లాక్ చేసి అరగంట ఆగాలి, కంప్యూటర్లు నిద్రపోవాలి కదా. మామూలుగా 50 మిల్లీ ఆంప్‌ల లోపే ఉండాలి. మీటరు అలా ఉండగా స్టార్ట్ చేయొద్దు, మీటరు పోతుంది. నా బండిలో 400 తాగుతున్నది బయట బిగించిన మ్యూజిక్ సిస్టం.

గేర్‌బాక్స్: ఏ సిస్టం? సబ్‌వూఫర్ ఉందా?

నైట్ షిఫ్ట్: ఉంది. అడిగింది అది కాదుగా!

కొత్త డ్రైవర్: గొట్టంలో వైరు చిట్లే ఉంది అన్నా. కొత్త ముక్క అతికి తొడుగు వేశా, ఫ్యూజు నిలిచింది. బ్యాటరీ ఈ రాత్రి చూస్తా. మరి హారన్?

గేర్‌బాక్స్: ఫ్యూజు బాక్సులో హారన్ రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్ డబ్బా, ఉంటుంది; అదే నంబరున్న వేరే రిలే పీకి హారన్‌కి పెట్టి చూడు.

వైరింగ్ మాస్టర్: ఈ ఒక్కటీ సరిగ్గా చెప్పారు.

గేర్‌బాక్స్: 20 ఆంప్ సంగతీ సరిగ్గానే చెప్పా.