మాఘంలో పెళ్లి. ఈలోగా మాత్ర ఆపేయాలంటోంది అమ్మ. ఆపినవాళ్లు చెప్పండి

వంశధార27:
అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తూ పైనుంచి పడ్డాను. నడుం నొప్పికి ట్రమడాల్ క్యాప్సూల్స్ రోజుకి రెండు వేసుకునేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి పద్దెనిమిది అయ్యాయి. ఒకరోజు పనిలోనే ఫిట్స్ వచ్చి పడిపోయాను. ఇంట్లో అప్పుడే తెలిసింది. ఆ అలవాటు మానడానికి విశాఖలో డాక్టరు గారు నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇచ్చారు, బుప్రెనార్ఫిన్, నలోక్సోన్ కలిసినది. రెండేళ్లయింది. రోజుకి 6 మి.గ్రా.తో మొదలై, పోయిన ఎనిమిది నెలల్లో 2 మి.గ్రా.కి దిగాను. ఇప్పుడు ఊళ్లోనే పని చేసుకుంటున్నాను, క్యాప్సూల్ జోలికి పోలేదు.

మాఘంలో పెళ్లి. పసుపు కొట్టేలోగా ఆ మాత్ర ఇంట్లో కనబడకూడదని అమ్మ పట్టు. డాక్టరు గారు ఇంకో ఆరేడు నెలలు నెమ్మదిగా దిగమంటున్నారు. పోయిన నెల చెప్పకుండా నేనే ఆపి చూశాను. మొదటి రెండు రోజులు ఏమీ తెలియలేదు. మూడో రోజు ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లు జలదరించడం, కాళ్లు లోపల్నుంచి ఎవరో లాగుతున్నట్టు. ఆ రాత్రంతా అరుగు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. నాలుగో రోజు మళ్లీ వేసుకున్నాను. ఈ బాధ ఎన్ని రోజులుంటుంది? ఎలా తట్టుకున్నారు?

రాజాం_అన్న:
తమ్ముడూ, ఏడు రోజులు. రాసి పెట్టుకో. నేను చెన్నైలో మూడేళ్లు బ్రౌన్ షుగర్, అంటే హెరాయిన్, తాగాను. 2014లో మా మామ్మ ఇంట్లో గదిలో పడుకుని తలుపు బయటనుంచి గడియ పెట్టించుకున్నాను. మూడో రోజు చచ్చిపోతాననుకున్నాను. వాంతులు, విరేచనాలు, మంచం తడిసిపోయే చెమట. మామ్మ కిటికీలోంచి చోడంబలి ఇచ్చేది. ఎనిమిదో రోజు లేచి చెరువులో స్నానం చేశాను. ఇవాళ్టి వరకు ముట్టలేదు. నువ్వు నాలుగో రోజున ఓడిపోయావు, ఇంకో మూడు రోజులు ఉంటే గట్టెక్కేవాడివి. ఒక మత్తు మానడానికి ఇంకో మత్తు మాత్ర రెండేళ్లు తినడం మానడం కాదు.

బొబ్బిలి_కుర్రాడు:
రాత్రి పడుకునే ముందు గసగసాలు నూరి పాలల్లో తాగు అన్నా, నిద్ర పడుతుంది.

కాశీబుగ్గ_అప్ప:
గసగసాలు నల్లమందు మొక్క గింజలే బాబూ. ఈ అబ్బాయికి అవి వద్దు.

వంశధార తమ్ముడూ, నేను ఏఎన్ఎంని. నా మాట వైద్యం కాదు, మీ డాక్టరు గారి మాటే వినాలి. కానీ రాజాం తమ్ముడు చెప్పిన ఏడు రోజుల లెక్క నీకు సరిపోదు, అది ముందు తెలుసుకో. బ్రౌన్ షుగర్ ఒంట్లోంచి త్వరగా పోతుంది. ఆపిన రోజే బాధ మొదలవుతుంది, రెండు మూడు రోజుల్లో ముదురుతుంది, వారానికి చాలావరకు తగ్గుతుంది. నీ మాత్ర అలా కాదు, ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది. అందుకే నీకు రెండు రోజులు ఏమీ తెలియలేదు. ఆలస్యంగా మొదలయ్యేది ఆలస్యంగానే పోతుంది. రెండు మూడు వారాలు పట్టొచ్చు, నిద్ర కుదురుకోవడానికి ఇంకా ఎక్కువ. నాలుగో రోజున నువ్వు ఓడిపోలేదు. అప్పటికి బాధ ఇంకా మొదట్లోనే ఉంది.

ఇంకో సంగతి. 6 నుంచి 2కి దిగడం తేలిగ్గా అయిందని, 2 నుంచి సున్నాకి కూడా అలాగే అవుతుందనుకోకు. పలాస బస్సు రాగానే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుతాం కదా, ఈ మాత్ర చేసేది అదే. మెదడులో మత్తుమందు కూర్చునే సీట్ల మీద తువ్వాలు వేసి ఉంచుతుంది. తను పూర్తిగా కూర్చోదు, అందుకే పెద్ద మత్తు ఉండదు. వేరేవాళ్లని కూర్చోనివ్వదు. 6 మి.గ్రా. అంటే చాలా సీట్ల మీద తువ్వాళ్లు పరిచినట్టు. కొన్ని తీసినా సీట్లు పెద్దగా ఖాళీ కావు. 2 కిందకి వచ్చాకే ఒక్కొక్క తువ్వాలు తీసినప్పుడల్లా సీటు నిజంగా ఖాళీ అవుతుంది. అందుకే చివర 0.4 మి.గ్రా. మాత్రలతో చిన్న చిన్న మెట్లుగా దింపుతారు, ఒక్కో మెట్టు మీద రెండు మూడు వారాలు ఆపుతారు.

రాజాం_అన్న:
అప్పా, తువ్వాలు కథ బాగుంది. నేను అడిగేది ఒకటే. ఏడు రోజులు తట్టుకుంటే మనిషి బయటపడతాడా, లేదా? నేను బయటపడ్డాను. మాత్రలు పెట్టేవాళ్లకి మనం నెలనెలా జీతం. నన్నూ ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్లారు. నాలుగు నెలలు ప్రతి వారం డబ్బు కట్టించుకున్నారు, ఎప్పుడు ఆపుతారని అడిగితే ఒక్కసారి జవాబు లేదు. మా నాయన రెండు మేకలు అమ్మాడు. ఆ కోపంతోనే గదిలో పడుకున్నాను.

మందుల_కొట్టు:
నాది చీపురుపల్లి దగ్గర షాపు. ఈ పోస్టు చదివి ఎవరైనా సొంతంగా మందులు మొదలుపెడతారేమోనని రాస్తున్నాను. నిద్ర పట్టడం లేదని ఆల్ప్రజోలం లాంటి మాత్రలు ఎవరి దగ్గరా అడిగి తెచ్చుకోకండి. ఈ మాత్రతో అవి గానీ, సారా, కల్లు గానీ కలిస్తే ఊపిరి మందగిస్తుంది, ప్రాణం పోవచ్చు. చెమటకి, జలదరింపుకి క్లోనిడిన్ అని బీపీ మాత్ర డాక్టర్లు రాస్తారు. అది బీపీ దించుతుంది, మంచం మీంచి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరిగి పడతారు. విరేచనాలకి ఓఆర్ఎస్ తప్పనిసరి. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ రోజూ మింగొద్దు. ఉద్దానం వైపు కిడ్నీల పరిస్థితి మనందరికీ తెలిసిందే. ఇక నాల్ట్రెక్సోన్. అది మళ్లీ మత్తు ఎక్కకుండా అడ్డుకునే మందు, మంచిదే. కానీ ఈ మాత్ర ఆపి వారం పది రోజులు పైన గడవకుండా వేసుకుంటే అన్ని తువ్వాళ్లూ ఒక్కసారి లాగేసినట్టే. ఆ బాధ నేను ఒకతనిలో చూశాను, చూడలేకపోయాను.

రాజాం_అన్న:
ఇన్ని మందులు చెప్పారు. నా ప్రశ్నకి జవాబు రాలేదు. ఏడు రోజులా, కాదా?

కాశీబుగ్గ_అప్ప:
కాదు. కాదు. కాదు. ఇంకెన్నిసార్లు చెప్పాలి?

మా తమ్ముడు లారీ మీద తిరిగేవాడు, ఇంజెక్షన్లు అలవాటయ్యాయి. ఇదే మాత్ర మీద పద్నాలుగు నెలలు బాగున్నాడు. లోన్ తీసుకుని ఆటో కొన్నాడు, పాప పుట్టింది. మా చిన్నాన్న కూడా నీలాగే అన్నాడు, మాత్ర కూడా మత్తే కదా, మానేస్తేనే మగాడు అని. అన్నీ ఒక్కసారి ఆపించే ఒక సెంటర్లో నలభై రోజులు పెట్టారు. తమ్ముడు తట్టుకున్నాడు. మీరందరూ చెప్పే గుండె ధైర్యం వాడికి ఉంది. వాడు ఇంటికొచ్చిన రోజు అరసవల్లి వెళ్లి మొక్కు తీర్చుకున్నాం. పన్నెండో రోజు ఎవరో పాత స్నేహితుడు కలిశాడు. తమ్ముడు పాత మోతాదే ఎక్కించుకున్నాడు. నలభై రోజులు ఖాళీగా ఉన్న ఒళ్లు ఆ మోతాదుకి తట్టుకోదని వాడికి ఎవరూ చెప్పలేదు. నేను ఏఎన్ఎంని, నేనూ చెప్పలేదు. నాకప్పుడు తెలియదు. 2019. ఆటోలోనే దొరికాడు.

ఇప్పుడు అడుగు తమ్ముడూ, ఏడు రోజులా కాదా అని.

రాజాం_అన్న:
అప్పా, మీ తమ్ముడి సంగతి నాకు తెలియదు. క్షమించండి. కానీ ఒక మాట అంటే కోపం తెచ్చుకోకండి. ఆయన పోయింది మాత్ర మానినందుకు కాదు, మళ్లీ ఎక్కించుకున్నందుకు.

కాశీబుగ్గ_అప్ప:
మానడం ఒక్కటే లెక్కపెట్టి, మానిన తర్వాతి రోజులు ఎవరూ లెక్కపెట్టనందుకు పోయాడు. 2005లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందుని అత్యావశ్యక మందుల జాబితాలో పెట్టింది. షుగరు మాత్ర ఎందుకు మానవని ఎవరినైనా అడుగుతామా? ఈ అబ్బాయి పని చేసుకుంటున్నాడు, తింటున్నాడు, నిద్రపోతున్నాడు. పసుపు కొట్టే ముహూర్తానికి మందు ఆపమని ఏ వైద్యంలో ఉంది?

మందుల_కొట్టు:
ఇద్దరూ కాస్త శాంతించండి. అబ్బాయి చదువుతున్నాడు.

ఎచ్చెర్ల_కోడలు:
నేను ఎప్పుడూ రాయలేదు, చదువుతుంటాను. నాది ఒకే ప్రశ్న. వంశధార గారూ, ఆ అమ్మాయికి చెప్పారా?

వంశధార27:
లేదు అక్కా. అమ్మ చెప్పొద్దంది. చెబితే సంబంధం పోతుందని, చెల్లి పెళ్లికి కూడా అడ్డమని. అందుకే ముందే ఆపేస్తే చెప్పడానికి ఏమీ ఉండదు కదా అని.

ఎచ్చెర్ల_కోడలు:
నేనూ అదే అనుకున్నాను. ఇక్కడ ఎవరూ అడగలేదు, అందుకే అడిగాను.

నా పెళ్లయిన మూడో నెలలో బియ్యం డబ్బాలో అడుగున ఈ మాత్రల రేకు దొరికింది. ఏ జబ్బో తెలియదు. ఎయిడ్స్ అనుకున్నాను. పిచ్చి అనుకున్నాను. నాలుగు రోజులు ఆయన పక్కన పడుకోలేదు. ఆయన భయపడి మాత్రలు చెరువులో పారేసి, కాళ్లు కొట్టుకుంటూ పది రోజులు జ్వరమని అబద్ధం చెప్పారు. మా అత్తగారికి అంతా తెలుసు, ఆవిడా జ్వరమే అన్నారు. ఇల్లంతా కలిసి నా ముందు నాటకం ఆడారు. ఆ పది రోజులూ ఆయన బాధ చూసి ఏడ్చింది నేనే. ఏం బాధో తెలియక ఏడ్చాను. మాత్ర తినే మనిషితో నేను బతకగలను, ఇప్పుడు బతుకుతున్నాను. ఆ పది రోజులు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను.

రాజాం_అన్న:
చెప్పకు తమ్ముడూ. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

నేను చెప్పాను. మానేసిన రెండేళ్లకి, ఒక్కసారి కూడా ముట్టకుండా రెండేళ్లున్నాక, పెళ్లిచూపుల్లో అమ్మాయి నాన్నకి నేనే చెప్పాను. నిజాయితీగా ఉండాలనిపించింది. ఆయన కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచి వెళ్లిపోయాడు. వారంలో రాజాం అంతా తెలిసింది. తర్వాత వచ్చిన మూడు సంబంధాలూ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లాయి. నాకు ముప్పై ఎనిమిది. మా మామ్మ నా పెళ్లి చూడకుండానే పోయింది. ఏడు రోజుల్లో మానినా, ఏడేళ్లు ముట్టకపోయినా ఈ ఊళ్లో నేను మత్తుగాడినే. అందుకే చెబుతున్నాను, ఎలాగోలా ముందే ఆపేయి, ఎవరికీ తెలియనివ్వకు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆసుపత్రివాళ్లు కూడా బయట చెప్పకూడదు. అది నీ హక్కు.

కాశీబుగ్గ_అప్ప:
తమ్ముడూ, ఈ మాట మొదటే రాసి ఉంటే నీతో ఇంత గొడవ పడేదాన్ని కాదు. నిన్ను ఆ మాట అనే ఊరిదే తప్పు, నీది కాదు.

కానీ ఆ చట్టం ఆసుపత్రి నోరు కట్టేది. నీ నోరు కట్టదు. వేరే ఊరివాళ్లకి, బంధువులకి చెప్పక్కర్లేదు, ఒప్పుకుంటాను. పక్కన పడుకునే మనిషి సంగతి వేరు. మాత్ర దాచినవాడు బాధ కూడా దాస్తాడు. బాధ దాచినవాడు మళ్లీ తప్పితే ఆ సంగతీ దాస్తాడు. మా తమ్ముడి ఆటో దగ్గర ఆ రోజు పక్కన ఎవరూ లేరు.

రాజాం_అన్న:
చెబితే పెళ్లే జరగకపోతే, పక్కన ఎవరుంటారు అప్పా?

ఎచ్చెర్ల_కోడలు:
అది నిజమే. నాకు ముందే చెప్పి ఉంటే మా నాన్న ఒప్పుకునేవాడు కాదేమో. నేను ఒప్పుకునేదాన్ని. అబ్బాయి నాన్నకి కాదు, అమ్మాయికి చెప్పాలి. ఆమెనే అడగాలి.

బొబ్బిలి_కుర్రాడు:
14446కి ఫోన్ చెయ్యి అన్నా, మత్తు మానేవాళ్ల కోసం ఉచితం. మనసు బాగోకపోతే టెలి మానస్ 14416. పేరు చెప్పక్కర్లేదు, నేను చేశాను.

వంశధార27:
అందరికీ జవాబివ్వడానికి నాలుగు రోజులు పట్టింది. నిన్నగాక మొన్న పొద్దున పాసింజర్‌కి విశాఖ వెళ్లాను. సొంతంగా ఆపి చూసిన సంగతి డాక్టరు గారికి చెప్పాను. తిడతారనుకున్నాను, తిట్టలేదు. 2 మి.గ్రా. మాత్ర తీసేసి, 0.4వి రోజుకి నాలుగు ఇచ్చారు. మూడు వారాలు ఇలాగే, తర్వాత చూసి మూడు. నిద్ర మరీ చెడితే ఒక మెట్టు పైకి ఎక్కినా తప్పు కాదన్నారు. లెక్క వేసుకున్నాను. పెళ్లి నాటికి మాత్ర ఉంటుంది.

అమ్మకి చెబితే అన్నం పెట్టి లోపలికి వెళ్లిపోయింది, మాట్లాడలేదు. ఆ అమ్మాయి నంబరు నా దగ్గర ఉంది. చెల్లితో కలిసి ఆదివారం శాలిహుండం వస్తారట, వాళ్ల పిన్నితో. అక్కడ చెబుదామనుకుంటున్నాను. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఎచ్చెర్ల_కోడలు:
స్లాబ్ మీంచి పడిన దగ్గర్నుంచి మొదలుపెట్టండి.

రాజాం_అన్న:
నేనైతే చెప్పొద్దనే అంటాను. ఇప్పుడూ అదే మాట. కానీ నువ్వు చెప్పాలనే అనుకుంటే, కాఫీ అయ్యాక చెప్పు. తగ్గించి ఎన్నో రోజు ఇది?

వంశధార27:
రెండో రోజు అన్నా. కాళ్లు కాస్త లాగుతున్నాయి. అరుగు మీద ఉన్నాను.

రాజాం_అన్న:
వేడి నీళ్లు కాచుకుని మోకాళ్ల కింద పోసుకో, నాకు పనిచేసింది. నేను మెలకువగానే ఉంటాను.