నానో బంకమట్టి కలిపితే నైలాన్ నిజంగా వేడికి ఆగుతుందా?

ఎచ్చెర్ల ఎమ్మెస్సీ:
నైలాన్ 6లో నూటికి 5 పాళ్లు మాంట్‌మొరిల్లొనైట్ అనే నానో బంకమట్టి కలిపాను, సేంద్రియ అమ్మోనియం పూత ఉన్న రకం. టీజీఏలో, అంటే కాలుస్తూ తూకం చూసే పరీక్షలో, 600 డిగ్రీల దగ్గర ఉత్త నైలాన్ 1 శాతం మిగిలింది, మట్టి కలిపింది 5 శాతం. 'వేడికి బాగా ఆగుతోంది' అని రాసేశాను. రూమ్మేట్ ఒప్పుకోడు. మీరేమంటారు?

బొబ్బిలి ల్యాబు:
ఓలమ్మా! మట్టి వేసి మట్టి మిగిలిందని సంబరమా తమ్ముడూ? పులుసులో రాయేసి మరిగించి, అడుగున రాయి ఉంది కాబట్టి పులుసు ఇగరలేదంటావేటి? పూత బరువు ఆ మట్టిలో దాదాపు 30 శాతం ఉంటుంది, అది కాలిపోతుంది. మిగిలే మట్టి మూడున్నర, నైలాన్ వాటా 1. మొత్తం నాలుగున్నర. నీ ఘనకార్యమల్లా ఒక అర శాతం.

గజపతినగరం మెకానిక్కు:
బూడిద లెక్క మాకెందుకు గురూ. ఇంజన్ పక్కనున్న కవరు కరిగిపోనక్కర్లేదు, మెత్తబడి వంగితే చాలు, బెల్టుకి రాసుకుంటుంది. టొయోటా వాళ్లు 1980ల చివర్లో టైమింగ్ బెల్టు కవరుకి వాడింది ఈ మట్టి నైలానే కదా. మట్టి 5 శాతం లోపే, బరువు పెడితే వంగే ఉష్ణోగ్రత 65 నుంచి సుమారు 150కి ఎక్కింది. ఇది వేడికి ఆగడం కాదా?

బొబ్బిలి ల్యాబు:
అది ఒప్పుకుంటాను. కానీ అది బిగువు. కరిగే చోటు మాత్రం 220 దగ్గరే కూర్చుంది. పైగా అమ్మోనియం పూత 200 ప్రాంతంలోనే విరగడం మొదలెడుతుంది, నైలాన్‌ని అచ్చు పోయాలంటే 240 దాటాలి. అంటే కలిపేటప్పుడే సగం గొడవ. నిజంగా వేడికి ఆగాలంటే నైలాన్ అణువుల గొలుసునే మార్చాలి. గొలుసులో బెంజీన్ వలయాలు పెట్టిన కెవ్లార్, అదే బులెట్ ప్రూఫ్ చొక్కాల దారం, వేడికి అసలు కరగదు, 450 దాటాక విరిగిపోవడమే. కాకపోతే దాన్ని దారం తియ్యాలంటే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలపాలి, ఎవరికి ఓపిక? అందుకే కొత్త పాలిఅమైడ్లు, అంటే నైలాన్, కెవ్లార్ జాతి పదార్థాలు, చేసేవాళ్లు గొలుసు మధ్యలో ఈథర్ బంధాలు, పక్కన లావుపాటి గుంపులు తగిలిస్తారు. గొలుసుకి ముడిసరుకులైన డైఆసిడ్, డైఅమీన్ రెండింటినీ ఎన్‌ఎంపీ అనే ద్రావకంలో ట్రైఫినైల్ ఫాస్ఫైట్, పిరిడిన్‌తో వేడి చేస్తే చాలు, ముందు డైఆసిడ్‌ని ఆసిడ్ క్లోరైడుగా మార్చే బాధ లేదు. అలా చేసిన పాలిఅమైడు మామూలు ద్రావకంలో కరుగుతుంది, బదులుగా వేడి దగ్గర కొంత వదులుకోవాలి.

భావనపాడు వల:
మా నైలాన్ వల ఒడ్డున ఎండకి పెళుసైపోతంది బాబూ. ఈ మట్టి దానికేటైనా పనికొస్తాదా?

బొబ్బిలి ల్యాబు:
వద్దన్నా. దాన్ని తినేది వేడి కాదు, ఎండలోని అతినీలలోహితం. మట్టిలో ఇనుము ఉంటే ఇంకా తొందరగా పోతుంది. గోనెపట్టా కప్పు.

ఎచ్చెర్ల ఎమ్మెస్సీ:
నేను చేసింది నైట్రోజన్‌లో. గాలిలో మళ్లీ నడుపుతాను, మట్టిని ఒక్కదాన్నే విడిగా కాల్చి తూస్తాను. ఆ వాక్యం కొట్టేశాను. రూమ్మేట్‌కి మాత్రం చెప్పను.