అమ్మాయిలు మగాళ్లలో చూసేది ప్యాకేజీనేనా?

గాజువాక_కుర్రోడు:
వయసు 29, ఫార్మా కంపెనీలో ఉద్యోగం. రెండేళ్లుగా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఆర్నెల్లు జిమ్‌కెళ్లాను, గడ్డం పెంచాను, బుల్లెట్ కొన్నాను. ఒక్కమ్మాయీ రెండోసారి ఫోనెత్తలేదు. మంచి మనసు ఉంటే చాలంటారు గానీ చివరికి చూసేది జీతమే. కాదనేవాళ్లు రుజువు చూపించండి.

సీతమ్మధార_బాబాయ్:
నీ మాటలో సగం నిజముంది బాబూ. డేవిడ్ బస్ అనే అమెరికా సైకాలజిస్టు 37 సంస్కృతుల్లో పదివేల మందికి పైగా అడిగి 1989లో అచ్చువేశాడు. మనదేశమూ అందులో ఉంది. సంపాదన గురించి మగాళ్లకన్నా ఆడవాళ్లకే పట్టింపు ఎక్కువని దాదాపు అన్నిచోట్లా తేలింది. కానీ ఆడా మగా ఇద్దరూ సంపాదన కన్నా, అందం కన్నా పైన పెట్టినవి దయ, అర్థం చేసుకునే గుణం, తెలివి. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ఎంవీపీ_అక్క:
కాగితం మీద రాసేది వేరు బాబాయ్ గారూ, ఎదురుగా కూర్చున్నాక వేరు. ఈస్ట్‌విక్, ఫింకెల్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ అమ్మాయిల్నీ అబ్బాయిల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరితో నాలుగేసి నిమిషాలు మాట్లాడించి చూశారు, ఆ పరిశోధన 2008లో వచ్చింది. ముందు ఏం కావాలని చెప్పారో దాన్నిబట్టి తర్వాత ఎవరు నచ్చుతారో చెప్పలేకపోయారు.

నేనూ లిస్టు రాసుకున్నదాన్నే. ఆరడుగులు, సొంతిల్లు, పర్మనెంటు ఉద్యోగం. వచ్చినాయన నాకన్నా అంగుళం పొడుగు, అంతే! మాట్లాడుకోమని ఆర్కే బీచ్‌కి పంపారు. మురీ మిక్చర్ కొన్నాం. ఒక్క గాలి విసురుకి పొట్లం తిరగబడి ఆయన తెల్లచొక్కా నిండా ఉల్లిపాయముక్కలు, కారం. పక్కన కుర్రాళ్లు పగలబడి నవ్వారు. ఈయన కాలర్ మీది మరమరం ఒకటి తీసి నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువైందండీ, ఇంకోటి చెప్పనా?" అన్నాడు.

నాకప్పుడే నచ్చేశాడు. రేపు ఇంట్లో నా చేతిలో గ్లాసు పగిలితే ఈ మనిషి ఎలా ఉంటాడో కనిపించింది. మాకు ఈ లెక్క ఒకటి లోపల నడుస్తూనే ఉంటుంది, మగాళ్లకి తెలీదు. జీతం అడగలేదా అంటే, అడిగాం. మా నాన్న ముందు రోజే కనుక్కున్నారు.

పెందుర్తి_పిల్ల:
నాకైతే పొడుగే అక్కా, అబద్ధమెందుకు. తలెత్తి మాట్లాడాలి. ఆ తర్వాతే జోకులు.

గాజువాక_కుర్రోడు:
ఇంతకీ బుల్లెట్ అమ్మేయమంటారా ఏటి?

ఎంవీపీ_అక్క:
ఉంచుకో తమ్ముడూ. మొదటిసారి ఫోన్లో ఎంతసేపు మాట్లాడావు?

గాజువాక_కుర్రోడు:
నలభై నిమిషాలు.

ఎంవీపీ_అక్క:
ఆ అమ్మాయి ఏం చదివిందీ?

గాజువాక_కుర్రోడు:
బయోడేటా చూసి చెప్తానక్కా.